అక్క చేతులు కనబడే ఫోన్

మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కణ్ణే. ఆ డిగ్రీ నాకు పెద్దగా ఉపయోగపడలేదు గానీ ఇంట్లోవాళ్ళకు బాగా ఉపయోగపడింది. మిక్సీ తిరగకపోయినా, బోరు మోటరు నీళ్ళు పోయకపోయినా, టీవీలో బొమ్మ రాకపోయినా అమ్మ మెకానిక్‌ను పిలిచేది కాదు, నా చదువును నిలదీసేది. "ఏం చదివినవ్‌రా నువ్వు?" అనేది. నేను చదివింది బీకాం. దానికీ మిక్సీకీ ఉన్న సంబంధమేమిటో మా లెక్చరర్లు చెప్పినట్టు గుర్తులేదు. ఆ రోజు నేను క్లాసుకు వెళ్ళలేదేమో కూడా.

ఇంటికి నిజంగా పనికొచ్చిన నా చదువు ఒకటుంది. అది కాలేజీలో నేర్చుకున్నది కాదు. మా అక్కకు పుట్టుకతోనే వినపడదు. పట్నంలో వినపడని పిల్లల బడిలో, హాస్టల్లో ఉండి పది దాకా చదివింది. సెలవులకు వచ్చినప్పుడల్లా అక్కడ నేర్చుకున్న సైగలన్నీ నామీద ప్రయోగించేది. నాకు ఆడుకోవడానికి ఇంకెవరూ లేరు కాబట్టి నేర్చుకున్నాను. అమ్మకు ఇంటి సైగలు వచ్చు. అన్నం, నీళ్ళు, రా, పో, జ్వరం, దవాఖాన. సంసారం నడవడానికి అవి చాలు. అంతకు మించి అక్క ఎవరితో ఏం చెప్పాలన్నా, ఎవరు అక్కతో ఏం చెప్పాలన్నా మధ్యలో నేనుండేవాణ్ణి.

ఇది రెండు వేల పన్నెండు నాటి మాట. మేముండేది శంషాబాద్ నుంచి మహేశ్వరం వైపు పోయే దారిలో ఒక ఊళ్ళో. నాకు ఎయిర్‌పోర్ట్ కార్గో దగ్గర ఒక ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం. అక్క ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టేది. చుట్టుపక్కల ఆడవాళ్ళలో ఆమెకు మంచి పేరుండేది. కొలత జాకెట్టు ఎలా ఉందో అలాగే కుట్టి ఇచ్చే టైలరు ఆమె ఒక్కతేనట. మిగతావాళ్ళు మధ్యలో పక్కింటివాళ్ళ సలహాలు వింటారు.

ఆ ఏడాది అక్కకు ఒక సంబంధం వచ్చింది. అబ్బాయికీ వినపడదు. పుణేలో ఒక ఫ్యాక్టరీలో మిషన్ మీద పని. వాళ్ళది కొత్తూరు దగ్గర ఊరే. అబ్బాయి సెలవు పెట్టి వచ్చాడు, పెళ్ళిచూపులు మా ఇంట్లోనే జరిగాయి. మా వైపు పెళ్ళిచూపుల్లో ఒక పద్ధతి ఉంది. మిక్చరూ టీ అయిపోయాక పెద్దవాళ్ళలో ఒకరు గొంతు సవరించుకుని, "ఇగ పిల్లలు మాట్లాడుకుంటరు" అంటారు. అబ్బాయినీ అమ్మాయినీ మేడ మీదికో పక్క గదిలోకో పంపిస్తారు. వాళ్ళు అక్కడ ఏం మాట్లాడుకుంటారో ఎవరికీ తెలియదు. బహుశా ఏమీ మాట్లాడుకోరు. అయినా ఆ కాసేపు వాళ్ళది.

ఆ రోజు టీలు అయ్యాయి. గొంతు సవరించుకున్నది మా మేనమామ. మా నాన్న పోయినప్పటి నుంచి ఇంటి పెద్ద ఆయనే. ఆయన ఇద్దరి వైపూ ఒకసారి చూసి, "వాళ్ళు మాట్లాడేదేమున్నది గాని, మనమే మాట్లాడుకుందం" అన్నాడు.

చెడ్డ మనసుతో అనలేదు. అందుకే అక్కడున్న ఎవరికీ అందులో తప్పు కనిపించలేదు. అందరూ తలలూపారు. కుర్చీలు ఇంకొంచెం దగ్గరికి జరిగాయి.

నాకు దుబాసీ పని పడింది. హాలు నిండా జనం, అందరి కళ్ళూ నా చేతుల మీదే. అబ్బాయి వాళ్ళ మేనత్త వంటొచ్చా అని అడిగింది. నేను సైగ చేశాను. అక్క తాపీగా, "ఆయనకు వచ్చా? అడుగు" అంది చేతులతో. ఆ హాలు ఆ ప్రశ్నకు సిద్ధంగా ఉన్నట్టు నాకు తోచలేదు. "వచ్చట" అన్నాను పైకి. మేనత్త తృప్తిపడింది. అబ్బాయి మాత్రం పకపకా నవ్వాడు. అక్క చేతులు అతనికి నేరుగా కనిపించాయి కదా. పిల్లవాడు ఎందుకు నవ్వాడో తెలియక పెద్దవాళ్ళు కాసేపు ఒకరి మొహం ఒకరు చూసుకుని, మంచి శకునమని తేల్చారు. నాకు తెలిసి ఆ రోజు ఆ ఇంట్లో జరిగిన సంభాషణ ఆ ఒక్కటే.

వాళ్ళకు నచ్చిందని కబురొచ్చింది. అబ్బాయి పుణే వెళ్ళిపోయాడు. మామ వచ్చి జవాబు అడిగాడు. అక్క, "మాట్లాడకుండా చెప్పను" అంది. నేను అది మామకు చెప్పాను.

"మొన్న మాట్లాడినం గదా."

నేను అది అక్కకు చెప్పాను. అక్క మామ వైపే చూస్తూ చేతులు కదిపింది. నేను ఈసారి ఒక్క ముక్క మార్చకుండా అప్పజెప్పాను. "మీరు మాట్లాడిన్రు. నేను చాయ్ ఇచ్చిన అంటున్నది."

మామకు కోపం రాలేదు. పరేషాన్ అయ్యాడు. కోపమైతే తీర్చవచ్చు. వచ్చే ఆదివారం కాక పై ఆదివారం లోపల ఏదో ఒకటి చెప్పకపోతే వాళ్ళు ఇంకో సంబంధం చూసుకుంటారని, అక్కకు మళ్ళీ ఇలాంటిది దొరుకుతుందా అని అమ్మతో అని వెళ్ళాడు. అమ్మ ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. అక్క మాత్రం తిని, గిన్నెలు తోమి, మిషన్ ముందు కూర్చుంది. ఆ నవ్విన అబ్బాయితో ఒక్కసారి, మధ్యలో ఎవరూ లేకుండా, తన చేతులతో తాను మాట్లాడాలి. ఆమెకు కావలసింది అంతే. నచ్చితే సరే అంటుంది, లేకపోతే లేదు. కానీ ఆ మాట తనది కావాలి.

మెసేజులు పంపుకోవచ్చుగా అని మీకు అనిపించవచ్చు. పంపుకున్నారు. ఇద్దరికీ వచ్చింది బడి ఇంగ్లీషు. హౌ ఆర్ యూ, ఫైన్, రైస్ ఈటింగ్. ఇలా ఎన్నాళ్ళు నడిచినా ఇద్దరూ క్షేమంగా ఉన్నారని, అన్నం తింటున్నారని తప్ప ఇంకేమీ తేలేది కాదు. అక్క చేతులతో మాట్లాడితే ఎంత చురుకో, ఆ మెసేజుల్లో అంత అమాయకురాలు. నెట్ సెంటర్‌కు తీసుకెళ్ళాను. అక్కడి కెమెరాలో చెయ్యి పైకెత్తితే, దించిన తర్వాత ఎత్తినట్టు కనిపించేది. పైగా ఓనరు వెనక నిలబడి చోద్యం చూశాడు.

అప్పుడు అబ్బాయి నుంచి ఒక మెసేజ్ వచ్చింది. తన ఫోన్‌కు ముందు వైపు కూడా కెమెరా ఉందని, త్రీజీ ఉందని, మా దగ్గరా అలాంటిది ఉంటే వీడియో కాల్ చేసుకోవచ్చని దాని సారాంశం. అక్క ఆ మెసేజ్ నాకు చూపించి, నా వైపు చూసింది. చదువుకున్నవాణ్ణి నేనే కదా.

అప్పటి షోరూముల్లో ముందు కెమెరా ఉన్న ఫోన్ అంటే నా జీతం దానివైపు కన్నెత్తి కూడా చూడలేదు. కానీ శంషాబాద్‌లో ఉన్నవాడికి షోరూము అవసరం లేదు. బస్టాండ్ దగ్గర ఒక ఫోన్ల దుకాణం ఉండేది. ఓనరును ఊరంతా భాయ్ అనే పిలిచేది. బయటి దేశాల నుంచి వచ్చేవాళ్ళు తెచ్చిన ఫోన్లు అతని దగ్గరికి చేరేవి. అమెరికా మాల్, దుబాయ్ మాల్ అని సరుకు రెండు రకాలు. అమెరికా ఫోన్లు అక్కడి కంపెనీ సిమ్‌తో తప్ప పనిచేయకుండా తాళం వేసి అమ్ముతారట. ఆ తాళం తీయించి మనకు అమ్మేవాడు.

ఆ దుకాణంలో కొనేవాళ్ళంతా పాటించే పరీక్ష ఒకటుంది. సిమ్ వేయాలి. పక్కవాడి ఫోన్ నుంచి మిస్డ్ కాల్ ఇవ్వాలి. మోగితే మాల్ మంచిది. మోగకపోతే ఇంకోటి చూపిస్తాడు. మా ఊరు అప్పట్లో మిస్డ్ కాల్ మీదే నడిచేది. ఆటో వచ్చింది, ఒక మిస్డ్ కాల్. ఇంటికి చేరాను, ఒక మిస్డ్ కాల్. కాబట్టి మిస్డ్ కాల్ అందుకున్న ఫోన్‌కు ఇంకేదైనా పని రాకుండా పోతుందని ఎవరికీ తోచలేదు. బీకాం చదివిన నాకూ తోచలేదు.

భాయ్ నా ముందు ఒక ఫోన్ పెట్టాడు. నల్లగా, నిగనిగలాడుతూ, ముందూ వెనకా కెమెరాలతో, ఏ పెళ్ళికైనా తీసుకెళ్ళేలా ఉంది.

"అమెరికాది. లాక్ ఖుల్లా. దునియాల ఏ సిమ్మన్న ఏస్కో" అన్నాడు.

నా సిమ్ వేశాం. మిస్డ్ కాల్ ఇచ్చాం. మోగింది. మోగుడు కూడా మంచి గంభీరంగా ఉంది. దుకాణంలో ఉన్న ఇంకో ఇద్దరు తలలూపారు. నేను ఆ ఫోన్‌ను జేబులో పెట్టుకుని, ఆటోలో కాకుండా షేర్ ఆటోలోనే, కానీ ముందు సీట్లో కూర్చుని ఇంటికి వచ్చాను.

మర్నాడు సాయంత్రానికి కాల్ అనుకున్నారు. అక్క ఆకుపచ్చ చీర కట్టుకుంది. జడ రెండుసార్లు వేసుకుంది. ఇంట్లో సిగ్నల్ మూలన ఇంగ్లీషు 'E' అక్షరం కనిపించింది. అంటే పాత నెట్టు. మా ఊరికి త్రీజీ ఇంకా రాలేదు, అది ఊహించిందే. అందుకని ఎయిర్‌పోర్ట్ దాకా వెళ్ళాం. అక్కడ త్రీజీ ధారాళంగా ఉంటుందని ఆఫీసువాళ్ళ ఫోన్లలో చూశాను. అక్కడా ఆ 'E' అక్షరమే. ఫోన్‌ను ఎత్తి పట్టుకున్నాను. ఆపి మళ్ళీ ఆన్ చేశాను. సిమ్ తీసి చీర కొంగుతో తుడిచాం. అటు అబ్బాయి పుణేలో రెడీగా కూర్చుని మెసేజ్ మీద మెసేజ్ పెడుతున్నాడు. వీడియో కాల్ నొక్కితే, కుదరదని ఫోన్ ఎంతో మర్యాదగా చెప్పింది.

అక్క కాసేపు చూసింది. ఫోన్ వైపు వేలు చూపించి, ఆ వేలితోనే చెవి తాకి, చెయ్యి ఆడించింది. "దీనికీ వినపడదు."

ఫోన్ జేబులో పడేసుకుని ఇంటికి బయల్దేరాం.

తర్వాతి రోజుల్లో ఆఫీసులో కార్గో బిల్లుల కిటికీని చిన్నది చేసి, దాని వెనక ఇంకో కిటికీలో ఫోన్ల గురించి చదివాను. నా జీవితంలో పరీక్షలకు కూడా అలా చదవలేదు. విషయం తెలిసేసరికి నవ్వాలో ఏడవాలో తేలలేదు. తాళం తీయడమంటే ఏ కంపెనీ సిమ్ అయినా వేసుకోవచ్చని మాత్రమే. లోపల రేడియో ఏ దేశం కోసం చేశారో ఆ దేశం తరంగాలనే పడుతుంది. మామూలు కాల్ తరంగాలు నా ఫోన్‌కు దొరికాయి, అందుకే మోగింది. మన త్రీజీ నడిచే తరంగాలు దానికి తెలియవు. తలుపుకు తాళం తీశాం, నిజమే. కానీ ఆ తలుపు ఎక్కడో అమెరికా వీధిలోకి తెరుచుకుంటోంది.

ఇంకో సంగతి కూడా తెలిసింది. అదే ఫోన్, అదే పేరు, అదే మొహం, మిగతా ప్రపంచం కోసం చేసిన రకం వేరే ఉంటుంది. ఇంటర్నేషనల్ అంటారు. దానికి మన త్రీజీ తెలుసు. బయటి నుంచి చూస్తే రెండూ కవలలు. తేడా అంతా బ్యాటరీ కింద అచ్చేసిన మోడల్ నంబరు చివర ఉన్న ఒక్క అక్షరంలో ఉంటుంది. ఆ అక్షరం నేను అరచేతిలో రాసుకున్నాను.

భాయ్ దగ్గరికి వెళ్ళేసరికి దుకాణం రద్దీగా ఉంది. ఫోన్ కౌంటర్ మీద పెట్టి, ఇది పనికిరాదన్నాను. భాయ్ నన్ను ఎగాదిగా చూశాడు.

"మోగిందా, లేదా?"

"మోగింది భాయ్."

"లాక్ ఖుల్లా ఉన్నదా?"

"ఉన్నది."

"మరింకేం గావాలె? నాష్తా గిట్ల పెట్టాల్నా అది?"

వెనక ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. మాట బాగానే ఉంది. వీడియో కాల్ కావాలన్నాను. ఫోన్ ఉన్నది మాట్లాడటానికని, చూడటానికి టీవీ ఉందని అతను అన్నాడు. నేను అప్పటిదాకా ఎందుకో చెప్పలేదు, ఇప్పుడు చెప్పాను. మా అక్కకు వినపడదని, ఎదుటివాళ్ళ చేతులు కనబడితేనే ఆమెకు మాట అని, ఆ మాట ఈ ఆదివారం లోపల కుదరకపోతే ఇక కుదరదని.

భాయ్ చేతిలోని ఫోన్ పక్కన పెట్టాడు. మిగతా కస్టమర్లతో జర ఆగమన్నాడు. తర్వాత కౌంటర్ కింది నుంచి ఒక అట్టపెట్టె తీసి బోర్లించాడు. అన్నీ నల్ల ఫోన్లే. నా ఫోన్‌కు అక్కాచెల్లెళ్ళు, పెద్దమ్మ బిడ్డలు. ఇద్దరం కూర్చుని ఒక్కొక్కదాని వెనక మూత ఊడదీసి, బ్యాటరీ తీసి, అడుగున చీమల్లా ఉన్న అక్షరాలు చదివాం. నేను చదువుతాను, అతను తన కళ్ళద్దాలు పెట్టుకుని సరిచూస్తాడు. అమెరికా, అమెరికా, అమెరికా. పెట్టె దాదాపు ఖాళీ అయ్యాక నా అరచేతిలోని అక్షరం దొరికింది. దుబాయ్ నుంచి వచ్చిన ఫోన్. వెనక మూత మీద గీతలు, ఒక మూల చొట్ట. ఆన్ చేయగానే తెర మీద అరబ్బీ వచ్చింది. కుడి నుంచి ఎడమకు నడిచే ఆ మెనూలో భాష మార్చే చోటు వెతకడానికి నేను తిప్పలు పడుతుంటే భాయ్ ఫోన్ లాక్కుని ఉర్దూ చదివినంత సులువుగా చదివేసి, ఇంగ్లీషుకు మార్చి ఇచ్చాడు.

సిమ్ వేశాను. అలవాటు కొద్దీ అతను మిస్డ్ కాల్ ఇవ్వబోయాడు.

"అది వద్దు భాయ్. వీడియో కాల్ చెయ్యాలె. ఈడనే."

ఆ దుకాణంలో అలాంటి మాట అదే మొదటిసారి అనుకుంటాను. అందరూ దగ్గరికి వచ్చారు. ఆఫీసులో నా పక్క సీటు అతనికి త్రీజీ ఫోన్ ఉంది. అతనికి చేశాను. మూలన 'E' కాదు, త్రీజీ అని వచ్చింది. రింగవుతోంది. ఎత్తాడు. తెర మీద ఏదో ఎర్రగా, మెలికలు తిరిగి, వెంట్రుకలతో ప్రత్యక్షమైంది.

భాయ్ కళ్ళద్దాలు పైకి జరుపుకున్నాడు. "ఏందిది?"

"చెవి భాయ్."

పాపం, మా ఆఫీసతను అలవాటు ప్రకారం ఫోన్ చెవికి పెట్టుకుని, హలో హలో అంటున్నాడు. ఆ చెవిలో వెంట్రుకలు కూడా విడివిడిగా కనబడుతున్నాయి. బొమ్మ అంత స్పష్టంగా ఉంది. మా అక్క కోసం కొన్న ఫోన్‌లో మొట్టమొదట కనిపించింది ఒక చెవి కావడం గురించి నేనేమీ వ్యాఖ్యానించదలచుకోలేదు. దుకాణంలో ఎవరో చప్పట్లు కొట్టారు. భాయ్ ఆ అమెరికా ఫోన్ వెనక్కి తీసుకుని, కొత్తదాన్ని నా చేతిలో పెట్టి, మీ అక్కకు నా సలాం చెప్పు అన్నాడు. ఎట్ల చెప్తరు సలాం, అని మళ్ళీ తనే అడిగి, చెయ్యి నుదుటికి ఎత్తి, "గిట్లనే చెప్తరు గదా" అన్నాడు.

శనివారం మధ్యాహ్నం నుంచి అబ్బాయికి ఖాళీ. అమ్మ, అక్క, నేను ఎయిర్‌పోర్ట్‌కు బయల్దేరాం. పెళ్ళి కాని పిల్ల పరాయి పిల్లవాడితో మాట్లాడటానికి వెళ్తుంటే పెద్దవాళ్ళు ఎవరైనా ఉండాలని అమ్మ పట్టుబట్టింది. ఆ పిల్లవాడు పుణేలో ఉన్నా సరే.

లోపలికి టికెట్ లేనివాళ్ళు వెళ్ళలేరు గానీ, బయట సాగనంపడానికి వచ్చినవాళ్ళు కూర్చునే జాగా ఉంది. గల్ఫ్‌కు పోయే ఒక్కడి కోసం జీపు నిండా జనం వస్తారు. చాపలు పరుస్తారు, టిఫిన్లు విప్పుతారు, ఏడుస్తారు, ఏడుపు మధ్యలో పులిహోర పెడతారు. మేమూ ఒక చాప పరుచుకుని వాళ్ళలో కలిసిపోయాం. ఎవరిని పంపుతున్నారని పక్క చాపవాళ్ళు అడిగారు కూడా. ఎవరినీ లేదంటే బాగుండదని, చూద్దామన్నాను.

అక్కడికి వచ్చాక ఒక సమస్య బయటపడింది. చెవితో మాట్లాడేవాళ్ళకు ఒక చెయ్యి ఫోన్‌కు, ఒక చెయ్యి ఖాళీ. అక్కకు రెండు చేతులూ మాటకే కావాలి. ఫోన్ ఎవరు పట్టుకోవాలి? సహజంగానే నేను ముందుకొచ్చాను. అక్క తల అడ్డంగా ఊపింది. "నువ్వు చూస్తావు" అంది. వంశంలో తన భాష వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే, కాబట్టి అక్కడ ఉండకూడనివాణ్ణి నేనొక్కణ్ణే. న్యాయమైన మాట. ఎంతోకాలం దుబాసీగా సేవ చేసిన నన్ను వీపు తిప్పి నిలబడమంది.

ఫోన్ అమ్మ చేతికి వచ్చింది. హారతి పళ్ళెం పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుంది. కాల్ కలవగానే అలవాటు ప్రకారం తన వైపు తిప్పుకుని, "బాగున్నవా బిడ్డా, తిన్నవా?" అని గట్టిగా అడిగింది. మా ఇళ్ళలో ఫోన్ ఎవరి చేతికొస్తే వాళ్ళు అది అడిగి తీరాలి. అటు అబ్బాయి వినపడకపోయినా దండం పెట్టాడట. అక్క ఫోన్‌ను మెల్లగా తన వైపు తిప్పుకుంది. నేను వీపు తిప్పాను.

నా ఎదురుగా ట్రాలీలు వస్తూ పోతూ ఉన్నాయి. వెనక ఏ శబ్దమూ లేదు. అప్పుడప్పుడు అక్క గాజులు, అంతే. మొదట గాజులు ఆగి ఆగి మోగాయి. తర్వాత ఆగడం మానేశాయి. నన్ను పిలుస్తుందేమో, ఏదైనా మాట దగ్గర ఆగిపోయి సాయం అడుగుతుందేమో అని చూశాను. పిలవలేదు.

సెక్యూరిటీ మనిషి ఒకాయన నా దగ్గరికి వచ్చాడు. "ఏందన్నా, ఆమె వీడియో తీస్తున్నదా? ఈడ తీయొద్దు."

"తీస్తలేదన్నా. మాట్లాడుతున్నది."

"ఆవాజ్ ఏది?"

"చేతులతోని."

ఆయన నా భుజం మీదుగా చూశాడు. నేను చూడకూడనిది ఆయన చూశాడు, ఏమీ అర్థం కాకుండా. కాసేపటికి ఆయన మొహంలో కూడా నవ్వు వచ్చింది. ఎందుకు అని అడిగాను. "మీ అక్క తిడుతున్నట్టున్నది. ఆయన చెవులు పట్టుకుంటున్నడు" అన్నాడు. అక్కను దాటుకుని ఫోన్ ముందు నుంచి పోతున్న ట్రాలీవాళ్ళను, "జర అట్ల నుంచి పోండి, ఫోన్ మాట్లాడుతున్నరు" అని ఆయనే మళ్ళించాడు. మా అక్క ఫోన్ మాట్లాడుతోందని ఎవరైనా అనడం నేను అదే మొదటిసారి విన్నాను.

అప్పుడు అమ్మ గొంతు వినిపించింది. ఫోన్ వీపు మాత్రమే అమ్మకు కనబడుతుంది కదా. అబ్బాయి కనబడడు. ఎదురుగా ఉన్నది కూతురి మొహం. అన్నం, నీళ్ళు, జ్వరం తప్ప ఆ మొహంతో ఎన్నడూ ఎక్కువ మాట్లాడని అమ్మ, ఆ మొహం వాదించడం, వెక్కిరించడం, ఏదో కథ చెప్పి తానే ముందు నవ్వేయడం చూస్తోంది.

"ఒరే" అంది నన్ను. నేను తిరగలేదు. "ఇది ఇంత మాట్లాడ్తదారా?"

"మాట్లాడ్తది అమ్మా."

"నాకెన్నడు చెప్పకపోతివి."

అక్క మాటలను అమ్మకు చేర్చడం ఇంట్లో నాకున్న పని. ఇన్నేళ్ళూ వాటిని ముక్కలుగా చేసి ఇచ్చాను. అమ్మ చేతులు నొప్పి పుట్టాయేమో, చాప మీద కూర్చుని మోచేతులు మోకాళ్ళ మీద ఆనించుకుంది. కానీ ఫోన్ దించలేదు. బ్యాటరీ గుర్తు ఎర్రబడేదాకా దించలేదు.

కాల్ అయ్యాక నన్ను తిరగమన్నారు. అక్క జాకెట్ చంకల్లో చెమటతో తడిసి ఉంది, మొహం వెలిగిపోతోంది. భుజాలు రుద్దుకుంటోంది. అమ్మ నన్నే అడిగింది, "ఏమన్నడు?" అని.

"నేను చూడలే."

అమ్మ నన్ను వదిలేసి అక్క వైపు తిరిగింది. గడ్డం పైకెత్తి, అరచెయ్యి తిప్పింది. ఏమైంది, అని. తన ఇంటి సైగలతోనే. అక్క కూడా అమ్మకు అర్థమయ్యే సైగతోనే చెప్పింది. మెడ దగ్గర పుస్తె పట్టుకున్నట్టు వేళ్ళు పెట్టి, తల కిందికి ఊపింది. తర్వాత అమ్మ మోచేతులు పట్టుకుని తన చేతులతో నొక్కింది. అంతసేపు ఫోన్ పట్టుకున్న ఆ చేతులను కూడా లెక్కలో వేసినట్టు.

అమ్మ నేను మామూలుగా వాడే పాత ఫోన్ అడిగి మామకు చేసింది. ఒప్పుకుందని చెప్పింది. మామ గొంతు నాకు కూడా వినిపిస్తూనే ఉంది. ఆ ఫోన్‌కు స్పీకరు వేరే అవసరం లేదు. ఎట్లా, ఎవరడిగారు, ఏం మాట్లాడారు, వాడు ఏమన్నాడు, ఇదేమంది అని వరసపెట్టి అడుగుతున్నాడు.

"వాళ్ళు మాట్లాడుకున్నరన్నా" అంది అమ్మ. "ఏం మాట్లాడుకున్నరో నాకెర్క లేదు. మనకు చెప్పెటిది చెప్పిన్రు. తక్కింది మనకెందుకు?"

మామ ఇంకేదో అనబోతుండగానే అమ్మ ఫోన్ పెట్టేసింది. మామ ఫోన్‌ను అమ్మ ముందుగా పెట్టేయడం నేను అంతకుముందు చూడలేదు. పెట్టేశాక తనే కాస్త భయపడినట్టు ఫోన్ వైపు చూసింది, తర్వాత నా చేతికిచ్చి కొంగు సర్దుకుంది.

బస్సు కోసం కదిలాం. కొంత దూరం నడిచాక చూస్తే అక్క లేదు. వెనక్కి వెళ్ళాం. చాయ్ దుకాణం గోడకున్న ప్లగ్గులో ఛార్జర్ పెట్టుకుని, గల్ఫ్‌కు పోయే ఎవరిదో పెద్ద సూట్‌కేసు మీద ఫోన్ నిలబెట్టుకుని, ఎదురుగా నిలబడి రెండు చేతులతో మళ్ళీ మొదలుపెట్టింది. సూట్‌కేసు తాలూకు కుటుంబమంతా పక్కన ఓపిగ్గా నిలబడి ఉంది. వాళ్ళ విమానానికి ఇంకా టైముందట. నేను చెప్పకుండానే వీపు తిప్పుకున్నాను. అమ్మ తిప్పుకోలేదు. అక్కడే నేల మీద కూర్చుని, కూతురు మాట్లాడుతుంటే చూస్తూ ఉండిపోయింది.